టైటిల్ ఫైట్‌కు వెల కట్టినవాళ్ళు

1960 జూన్ 14. వాషింగ్టన్‌లో సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ అధ్యక్షతన ఉన్న సెనేట్ ఉపసంఘం ముందు మిడిల్‌వెయిట్ మాజీ ప్రపంచ ఛాంపియన్ జేక్ లమోటా సాక్ష్యం చెప్పడానికి కూర్చున్నాడు. అడిగింది పదమూడేళ్ళ నాటి ఒక ఫైట్ గురించి. 1947 నవంబర్ 14 రాత్రి, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, బిల్లీ ఫాక్స్ అనే బాక్సర్ చేతిలో లమోటా నాలుగో రౌండ్‌లోనే ఓడిపోయాడు. కింద పడలేదు. దెబ్బలు తింటూ నిలబడే ఉన్నాడు, రిఫరీ ఫైట్ ఆపేశాడు. అనుమానం ఆ రాత్రే మొదలైంది. విచారణ జరిగితే, గాయమైన సంగతి దాచి రింగ్‌లోకి దిగానని చెప్పి, వెయ్యి డాలర్ల జరిమానా, ఏడు నెలల సస్పెన్షన్‌తో బయటపడ్డాడు. 1960 నాటికి కేసు పెట్టే గడువు దాటిపోయింది. అప్పుడు నిజం చెప్పాడు: కావాలనే ఓడిపోయానని.

ఓడిపోతే లక్ష డాలర్లు ఇస్తామని బాక్సింగ్‌ను వెనక నుంచి నడిపించే గ్యాంగులు అన్నాయట. డబ్బు వద్దు, టైటిల్ కోసం పోటీపడే ఛాన్స్ ఇప్పించండి అన్నాడట. ఆ ఛాన్స్ 1949 జూన్‌లో గానీ రాలేదు. వచ్చినప్పుడు కూడా తానే ఎదురు 20,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. డెట్రాయిట్‌లో మార్సెల్ సెర్డాన్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు.

బాక్సింగ్, మాఫియా అనగానే సినిమాలు మన కళ్ళ ముందు పెట్టే బొమ్మ ఒకటే. డ్రెస్సింగ్ రూమ్‌లో టోపీ పెట్టుకున్న మనిషి, చేతిలో నోట్ల కట్ట, “ఫలానా రౌండ్‌లో పడిపో” అనే బెదిరింపు, బయట పందేలు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ లమోటా సాక్ష్యం ఇంకో సంగతి చెబుతోంది. ఆ రోజుల్లో గ్యాంగుల చేతిలో ఉన్న అసలు సరుకు పందెం డబ్బు కాదు, ఛాన్స్. ఎవరు ఎవరితో తలపడాలి, ఎవరు ఎన్నేళ్ళు బయట నిలబడి ఎదురుచూడాలి అనేది వాళ్ళు నిర్ణయించేవాళ్ళు. ఈ తేడా పట్టుకోకపోతే ఆ చరిత్ర సగమే అర్థమవుతుంది.

మనకు ఫిక్సింగ్ అంటే 2000 నాటి క్రికెట్ గొడవ గుర్తొస్తుంది. క్రికెట్‌లో పదకొండు మంది ఉంటారు, బోర్డు ఉంటుంది, సిరీస్ షెడ్యూల్ ముందే అచ్చవుతుంది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఇవేవీ లేవు. రింగ్‌లో ఉండేది ఇద్దరే, ఒక్కడిని లొంగదీస్తే చాలు. అంతకన్నా ముఖ్యం, ఆ ఆటకు లీగ్ లేదు, పాయింట్ల పట్టిక లేదు. నంబర్ వన్ బాక్సర్ నంబర్ టూతో ఆడి తీరాలనే నియమాన్ని అమలు చేసే నాథుడు లేడు. ప్రతి ఫైటూ ఒక ప్రైవేటు బేరం. ఇటు మేనేజర్, అటు మేనేజర్, మధ్యలో ప్రమోటర్. ఈ ముగ్గురినీ గుప్పిట్లో పెట్టుకున్నవాడికి ఆట మొత్తం గుప్పిట్లో ఉన్నట్టే.

గ్యాంగులు ఇందులోకి వచ్చిన తీరులో కాలం కలిసొచ్చింది. అమెరికాలో మద్యనిషేధం మొదలైంది 1920లో. న్యూయార్క్ రాష్ట్రం వాకర్ చట్టంతో బాక్సింగ్‌ను చట్టబద్ధం చేసిందీ అదే ఏడాది. ఒక పక్క దొంగసారాతో చేతినిండా నగదు, ఇంకో పక్క కొత్తగా తలుపులు తెరుచుకున్న ఆట. న్యూయార్క్‌లో కాటన్ క్లబ్ నడిపిన ఓనీ మాడెన్ లాంటివాళ్ళు బాక్సర్లలో వాటాలు కొనడం మొదలుపెట్టారు. 1930లో ఇటలీ నుంచి వచ్చిన ప్రిమో కార్నెరా అనే భారీ మనిషి వాళ్ళ చేతిలో పడ్డాడు. ఊరూరా తిప్పి, చాలాచోట్ల ప్రత్యర్థులను ముందే మాట్లాడి పెట్టి, గెలుపుల చిట్టా పెంచి, 1933 జూన్‌లో హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్‌ను చేశారు. ఏడాది తిరగకుండానే మ్యాక్స్ బేర్ అతన్ని పదే పదే నేలమీద పడేసి ఆ టైటిల్ తీసుకున్నాడు. సంపాదనలో ఎక్కువ భాగం చుట్టూ ఉన్నవాళ్ళే తినేశారు. కార్నెరా తర్వాత కుస్తీ పోటీలతో బతికాడు.

ఈ వ్యవస్థను వ్యాపారంగా మార్చినవాడు ఫ్రాంకీ కార్బో. 1904లో న్యూయార్క్‌లో పుట్టాడు, లుకేజీ మాఫియా కుటుంబం మనిషి, పాత హత్య కేసుల చరిత్ర ఉన్నవాడు. బాక్సింగ్ లోకంలో అతన్ని ‘మిస్టర్ గ్రే’ అనేవాళ్ళు. ఏ బాక్సర్ మేనేజర్ లైసెన్స్ మీదా అతని పేరు ఉండదు, ఏ పోస్టర్ మీదా ఉండదు. ఫిలడెల్ఫియాలో ‘బ్లింకీ’ పలెర్మో అతని కుడి భుజం. బిల్లీ ఫాక్స్ మేనేజర్ ఈ పలెర్మోనే. కాబట్టి 1947లో లమోటా ఓడిపోయింది ఫాక్స్‌కు మాత్రమే కాదు.

కార్బోకు అసలు బలం ఇచ్చింది టెలివిజన్. 1949లో జేమ్స్ నోరిస్ అనే కోటీశ్వరుడు, ఆర్థర్ వర్ట్జ్ కలిసి ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ పెట్టారు. షికాగో స్టేడియం, డెట్రాయిట్ ఒలింపియా వాళ్ళవే, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పెద్ద వాటా ఉంది. రిటైర్ అవుతున్న హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ ముందుగా నలుగురు ప్రధాన హెవీవెయిట్ల కాంట్రాక్టులు సంపాదిస్తే, వాటిని 1,50,000 డాలర్లకు కొనేశారు. అంటే హెవీవెయిట్ కిరీటానికి దారి వాళ్ళ వాకిట్లోంచే. బుధవారం రాత్రి ఒక చానెల్‌లో, శుక్రవారం రాత్రి ఇంకో చానెల్‌లో ఫైట్లు వచ్చేవి. బీరు కంపెనీ ఒకటి, షేవింగ్ బ్లేడు కంపెనీ ఒకటి స్పాన్సర్లు. వారానికి రెండు రాత్రులు బాక్సర్లు కావాలి, సమయానికి కావాలి, ఏ మేనేజరూ పేచీ పెట్టకూడదు. ఆ సరఫరా చూసుకునే మేస్త్రీ కార్బో. క్లబ్ పుస్తకాల్లో అతని పేరు లేదు, అతని భార్య పేరిట మాత్రం జీతం వెళ్ళింది. కోర్టు రికార్డుల ప్రకారం 1949 నుంచి 1953 వరకు అమెరికాలో జరిగిన 44 ప్రపంచ టైటిల్ ఫైట్లలో 36 ఈ క్లబ్ చేతి మీదుగానే నడిచాయి.

ఇళ్ళలో కూర్చుని చూసేవాళ్ళకు ఇదేమీ తెలియదు. కొన్నిసార్లు మాత్రం లోపలిది బయటికి కనిపించేది. 1954 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియాలో కిడ్ గావిలాన్ మీద జానీ సాక్స్‌టన్ గెలిచాడని జడ్జీలు తేల్చారు. రింగ్ పక్కన కూర్చున్న 22 మంది విలేకరుల్లో 20 మందికి గావిలానే గెలిచినట్టు అనిపించింది. సాక్స్‌టన్ మేనేజర్ పలెర్మో.

ఇక్కడ ఐక్ విలియమ్స్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ చరిత్ర మొత్తంలో అందరికన్నా ఎక్కువ గుర్తుండాల్సిన మనిషి, అందరికన్నా తక్కువ గుర్తున్న మనిషి అతనే. లైట్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్, నల్లజాతి బాక్సర్, ఆ తరంలో గొప్ప ఆటగాళ్ళలో ఒకడు. తన వ్యవహారాలు తానే చూసుకుంటానని పాత మేనేజర్‌ను వదిలేశాడు. మేనేజర్ల సంఘం అతన్ని వెలివేసింది. అతనితో తమ బాక్సర్లను దింపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఛాంపియనే, కానీ ఫైట్ లేదు, తిండికి దారి లేదు. అప్పుడు పలెర్మో వచ్చి, నన్ను మేనేజర్‌గా పెట్టుకో, వెలి ఎత్తేయిస్తా అన్నాడు. విలియమ్స్‌కు వేరే దారి కనిపించలేదు. వెలి పోయింది, ఫైట్లు వచ్చాయి. 1948లో రెండు ఫైట్లకు దాదాపు 65,000 డాలర్లు రావాలి. అందులో ఒక్క డాలరూ తన చేతికి రాలేదని, దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మాత్రం తానే కట్టుకున్నానని కెఫావర్ సంఘం ముందు చెప్పాడు. ఓడిపోతే పెద్ద మొత్తాలు ఇస్తామని వచ్చిన బేరాలను కాదన్నాననీ చెప్పాడు.

ఈ కథలో తుపాకీ లేదు, డ్రెస్సింగ్ రూమ్ బెదిరింపు లేదు. ఉన్నది వెలి, కాంట్రాక్టు, ట్యాక్స్ కాగితం. కెమెరా ముందు పెట్టడానికి ఇవి కష్టమైన వస్తువులు. సినిమా ఈ భాగాన్ని ఎక్కువగా వదిలేయడానికి అదొక కారణం.

అలాగని ఆనాటి హాలీవుడ్‌ను తక్కువ చేయడం అన్యాయం. కార్బో పెత్తనం నడుస్తుండగానే దాని మీద సినిమాలు తీశారు, ధైర్యంగా తీశారు. లమోటా ఓడిపోయిన 1947లోనే ‘బాడీ అండ్ సోల్’ వచ్చింది. జాన్ గార్‌ఫీల్డ్ హీరో, రచన అబ్రహాం పొలాన్‌స్కీ, దర్శకుడు రాబర్ట్ రోసెన్. అందులో ఒక నల్లజాతి ఛాంపియన్ ఉంటాడు, మెదడులో గాయం. ఆ సంగతి దాచిపెట్టి అతన్ని హీరో ముందుకు తోస్తారు. ఆ పాత్ర వేసిన కనాడా లీ నిజజీవితంలో బాక్సరే, రింగ్‌లో తగిలిన దెబ్బకు ఒక కంటిచూపు పోయినవాడు. రెండేళ్ళకు ‘ది సెట్-అప్’ వచ్చింది. ముసలివాడవుతున్న ఒక బాక్సర్ ఎలాగూ ఓడిపోతాడనుకుని, అతనికి చెప్పకుండానే మేనేజర్ గ్యాంగు దగ్గర డబ్బు తీసుకుంటాడు. బాక్సర్ గెలిచేస్తాడు. తన ఓటమిని అమ్మేశారని ఫైట్ చివర్లో తెలిసినా లొంగకుండా కొట్టిన ఆ గెలుపుకు అతను చెల్లించే మూల్యం చూస్తుంటే గుండె బిగుసుకుపోతుంది. ఆధారం 1928 నాటి ఒక కథాకావ్యం, అందులో బాక్సర్ నల్లజాతివాడు. సినిమాలో తెల్లవాడయ్యాడు. ఈ మార్పు చిన్నది కాదు. రింగ్‌లో ఎక్కువ దోపిడీకి గురైనవాళ్ళు తెర మీదికి వచ్చేసరికి మాయమైపోవడం అక్కడ చాలా ముందే మొదలైంది.

1954 నాటి ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ బాక్సింగ్ సినిమా కాదు, రేవు కూలీల సంఘాన్ని పట్టి పీడించే గ్యాంగు కథ. కానీ బాక్సింగ్, మాఫియా అన్న రెండు మాటలు జనం మనసులో కలిసిపోయింది దాని వల్లే. మార్లన్ బ్రాండో వేసిన టెర్రీ మలోయ్ ఒకప్పటి బాక్సర్. కారు వెనక సీట్లో అన్నతో మాట్లాడే సన్నివేశాన్ని సినిమా చూడనివాళ్ళు కూడా అనుకరిస్తారు. ఆ మాటలను జాగ్రత్తగా వింటే, టెర్రీ ఏడ్చేది రాని డబ్బు గురించి కాదు. తాను గెలవగలిగిన రాత్రి ఓడిపోమన్నారని, ఆ రాత్రి గెలిచినవాడికి టైటిల్ ఫైట్ దక్కిందని ఏడుస్తాడు. తప్పు పట్టేది గ్యాంగు నాయకుడిని కూడా కాదు, సొంత అన్నను. రచయిత బడ్ షుల్బర్గ్‌కు బాక్సింగ్ లోపలి సంగతులు బాగా తెలుసు, అందుకే ఆ బాధ సరైన చోట తగిలింది. ఒకప్పుడు జో లూయిస్‌తో తలపడిన ముగ్గురు నిజమైన హెవీవెయిట్లు, టోనీ గాలెంటో, టామీ మోరియెలో, ఏబ్ సైమన్, ఈ సినిమాలో గ్యాంగు రౌడీలుగా కనిపిస్తారు.

కార్నెరా జీవితాన్ని గుర్తుచేసే నవల రాసిందీ షుల్బర్గే. దాని మీద 1956లో ‘ది హార్డర్ దే ఫాల్’ తీశారు. హంఫ్రీ బోగార్ట్ చివరి సినిమా అది. కార్నెరాను చిత్తుచేసిన మ్యాక్స్ బేరే తెర మీద ఆ పాత్రను చిత్తుచేసే ఛాంపియన్‌గా నటించాడు. కార్నెరా కోర్టుకు వెళ్ళి ఓడిపోయాడు. జీవితాన్ని ఒకసారి గ్యాంగులు వాడుకున్నాయి, రెండోసారి కథలు వాడుకున్నాయి అని ఆయనకు అనిపించి ఉంటే కాదనడం కష్టం.

ఇదే కాలంలో హాలీవుడ్ మీద కమ్యూనిస్టు వేట పడింది. గార్‌ఫీల్డ్, పొలాన్‌స్కీ, కనాడా లీ పని దొరకకుండా చేసే బ్లాక్‌లిస్టులో నలిగిపోయారు. షుల్బర్గ్, ‘వాటర్‌ఫ్రంట్’ దర్శకుడు ఎలియా కజాన్ కమ్యూనిస్టుల కోసం వెతికే కాంగ్రెస్ కమిటీ ముందు సహచరుల పేర్లు చెప్పారు. బాక్సింగ్ మాఫియాను గట్టిగా ప్రశ్నించిన తరం అలా రెండుగా చీలింది.

కోర్టులు ఆలస్యంగానైనా కదిలాయి. బాక్సింగ్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి మినహాయింపు లేదని 1955లో సుప్రీంకోర్టు చెప్పింది. 1959 జనవరిలో నోరిస్ క్లబ్బును విడగొట్టమన్న తీర్పును ఖాయం చేసింది. అదే ఏడాది కార్బో రహస్యంగా బాక్సర్లను నడిపిస్తున్న నేరం ఒప్పుకుని రెండేళ్ళ శిక్షకు వెళ్ళాడు. వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ డాన్ జోర్డాన్ సంపాదనలో వాటా కోసం అతని మనుషులను బెదిరించిన కేసులో 1961లో లాస్ ఏంజెలెస్ కోర్టు కార్బోకు 25 ఏళ్ళు, పలెర్మోకు 15 ఏళ్ళు వేసింది.

వాళ్ళ నీడ మాత్రం ఒక మనిషి మీద మిగిలింది. సోనీ లిస్టన్ జైల్లో బాక్సింగ్ నేర్చుకున్నాడు, బయటికొచ్చాక అతని కాంట్రాక్టు వెనక కార్బో, పలెర్మోలే ఉన్నారు. న్యూయార్క్ లైసెన్స్ ఇవ్వలేదు. 1962 సెప్టెంబర్‌లో షికాగోలో ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను మొదటి రౌండ్‌లోనే పడగొట్టి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. జనం అతన్ని ప్రేమించలేదు. 1965 మే 25న లూయిస్టన్ అనే చిన్న ఊళ్ళో ముహమ్మద్ అలీ కొట్టిన ఒక దెబ్బకు మొదటి రౌండ్‌లోనే పడిపోయాడు. ఆ దెబ్బ చాలామందికి కనిపించనేలేదు. కావాలని పడిపోయాడా అన్న అనుమానం ఇప్పటికీ వదల్లేదు, రుజువూ కాలేదు. నేలమీది లిస్టన్ మీద నిలబడి అలీ అరుస్తున్న ఫొటో ఇవాళ హైదరాబాద్ జిమ్ముల గోడల మీద కూడా ఉంటుంది. ప్రపంచంలో అందరికీ తెలిసిన బాక్సింగ్ బొమ్మ అదే. అందులో పైనున్న మనిషినే అందరూ చూస్తారు.

1976లో ‘రాకీ’ వచ్చేసరికి తెర మీద మాఫియా స్వరూపమే మారిపోయింది. రాకీ ఫిలడెల్ఫియాలో వడ్డీ వ్యాపారి కోసం బాకీలు వసూలు చేస్తుంటాడు. ఆ వ్యాపారి మంచివాడు, ట్రైనింగ్ ఖర్చులకు 500 డాలర్లు ఇస్తాడు. టైటిల్ ఛాన్స్ ఆకాశం నుంచి ఊడిపడుతుంది, ఛాంపియనే పిలిచి ఇస్తాడు. పలెర్మో ఊళ్ళోనే జరిగే కథ ఇది. మనసుకు ఎంతో హాయినిచ్చే సినిమాయే. కానీ ఆ ఊళ్ళో ఆ ఛాన్స్ ఎలా అమ్ముడుపోయిందో తెలిసినవాళ్ళకు ఆ పిలుపు నమ్మశక్యం కాదు. నాలుగేళ్ళకు ‘రేజింగ్ బుల్’ లమోటా కథే చెప్పింది. ఫాక్స్ చేతిలో ఓడిపోయాక డ్రెస్సింగ్ రూమ్‌లో అతను ఏడ్చే ఏడుపును రాబర్ట్ డినీరో మరిచిపోలేకుండా చేశాడు. అక్కడా కార్బో కనిపించడు, టామీ అనే కల్పిత పెద్దమనిషి ఉంటాడు. చివర్లో లావెక్కిన లమోటా అద్దం ముందు ‘వాటర్‌ఫ్రంట్’ కారు సీను మాటలు అప్పజెబుతాడు. నిజంగా ఆ పరిస్థితి గుండా వచ్చిన మనిషి, తన బాధ చెప్పుకోవడానికి సినిమా మాటలు అరువు తెచ్చుకుంటాడు.

తెలుగు సినిమాలోనూ పందెం, ఛాన్స్ అనే ఈ రెండు దారులూ ఉన్నాయి. 2022లో వచ్చిన ‘గని’ బాక్సింగ్‌ను బెట్టింగ్ ముఠాల వైపు నుంచి చూసింది. 2017 నాటి ‘గురు’లో మాత్రం విలన్ పందెం కాదు, సెలక్షన్. ఎవరిని రింగ్‌లోకి పంపాలో తేల్చే కుర్చీలో కూర్చున్నవాళ్ళు. ఇక్కడ మాఫియా లేకపోయినా, బాక్సర్ జీవితంలో అసలు టెన్షన్ ఎక్కడుంటుందో ఆ సినిమా సరిగ్గా పట్టుకుంది. 2019లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కేంద్ర క్రీడామంత్రికి ఉత్తరం రాసి అడిగింది కూడా ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు ముందు ఒక న్యాయమైన ట్రయల్. ఆ ట్రయల్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడిపోయింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది.

గ్యాంగుల సంగతి 1961తో ముగిసిపోయిందనుకోవడానికి లేదు. ఐర్లండ్‌కు చెందిన డేనియల్ కినహాన్ 2012లో స్పెయిన్‌లో మొదలైన ఒక జిమ్ ద్వారా బాక్సింగ్‌లోకి వచ్చాడు. ఆ సంస్థే తర్వాత ఎంటీకే గ్లోబల్ పేరుతో వందలాది బాక్సర్లను చూసుకుంది. 2016 ఫిబ్రవరిలో డబ్లిన్ హోటల్లో ఆ సంస్థ ఫైట్ల కోసం బాక్సర్ల బరువులు చూస్తుండగా దుండగులు కాల్పులు జరిపారు, ఒకరు చనిపోయారు. 2020లో ప్రపంచ ఛాంపియన్ టైసన్ ఫ్యూరీ ఒక పెద్ద ఫైట్ కుదిర్చినందుకు కినహాన్‌కు బహిరంగంగా థ్యాంక్స్ చెప్పాడు. 2022 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం కినహాన్ మీద మాదకద్రవ్యాల ముఠా నాయకుడిగా ఆంక్షలు పెట్టి, సమాచారానికి 50 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. అదే నెలలో ఎంటీకే మూతపడింది. గమనించాల్సింది ఏమిటంటే, అతని మీద బాక్సింగ్‌లో వినిపించిన మాట ఫైట్లు ఫిక్స్ చేశాడని కాదు. కుదరని ఫైట్లు కుదిర్చాడని. మిస్టర్ గ్రే చేసిన పనీ అదే.

అమెరికాలో బాక్సింగ్‌కు జాతీయ కమిషనర్ ఉండాలని కెఫావర్ తెచ్చిన బిల్లు చట్టం కాలేదు. ఆయన 1963లో చనిపోయారు. మేనేజర్, ప్రమోటర్ ఒకే జేబులో ఉండకూడదని, ఫైట్ మీద తనకు వస్తున్న డబ్బెంతో ప్రమోటర్ బాక్సర్‌కు చెప్పి తీరాలని అనే ముహమ్మద్ అలీ చట్టం రావడానికి 2000 దాకా పట్టింది. ఐక్ విలియమ్స్ 1994లోనే పోయాడు.